పదో తరగతి తమ్ముడు: 89 రోజుల్లో రివిజన్ ఎలా? తర్వాత ఎంపీసీయా, పాలిటెక్నిక్కా?

వనపర్తి అక్క
డిసెంబర్ 22, 2024

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్ మలక్‌పేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఊరు వనపర్తి దగ్గర. తమ్ముడు ఊళ్ళోనే జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతున్నాడు, ఇంగ్లిష్ మీడియం. మొన్న 19న పబ్లిక్ పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చింది. మార్చి 21న తెలుగుతో మొదలు, ఏప్రిల్ 2న సోషల్‌తో ఆఖరు. ఇవాళ్టి నుంచి 89 రోజులు ఉన్నాయి.

బడిలో జరిగిన మొదటి పెద్ద పరీక్షలు, ఎస్‌ఏ-1లో వాడికి వచ్చిన మార్కులు ఇవి. తెలుగు 61, హిందీ 48, ఇంగ్లిష్ 39, సోషల్ 55, అన్నీ 80కి. బయాలజీ 40కి 26, ఫిజికల్ సైన్స్ 40కి 17. లెక్కలు 80కి 31. ఈ 31 చూశాకే మా ఇంట్లో అసలు గొడవ మొదలైంది.

మా చిన్నమామ హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) చేర్పిద్దామంటున్నాడు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షన్నర దాకా అవుతుందట. వేరుశనగ పంట అమ్మిన డబ్బులు కొంత, మిగతాది అప్పు అని నాయన కూడా ఒప్పుకునేట్టు ఉన్నాడు. బాసర ట్రిపుల్ ఐటీ అని కూడా ఒక మాట అంటున్నారు. తమ్ముడు మాత్రం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానంటాడు. పొలం దగ్గర మోటార్ స్టార్టర్ ఆగిపోతే కాంటాక్టులు శుభ్రం చేసి నడిపించేది వాడే. "లెక్కల్లో 31 వచ్చినోడివి, పాలిటెక్నిక్‌లో లెక్కలు ఉండవా?" అని మామ అడిగితే తల దించుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పది పాసైనప్పుడు ఏ గ్రూపు తీసుకుంటావని నన్ను అడిగినవాళ్ళు లేరు. పక్కింటి అమ్మాయి ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) చేరింది, తోడు ఉంటుందని నన్నూ అందులో చేర్పించారు. ఈ పని నాకు ఇష్టమే, దీంతోనే ఇంటికి డబ్బు పంపుతున్నాను. కానీ నాకు నర్సింగ్ చదవాలని ఉండేది. బ్రిడ్జ్ కోర్సు పరీక్షలు రాస్తే ఒకేషనల్ వాళ్ళకీ కొన్ని దారులు తెరుచుకుంటాయని ఇంటర్ అయిపోయిన రెండేళ్ళకు తెలిసింది. తమ్ముడి విషయంలో అలా జరగకూడదని అడుగుతున్నాను.

నేను ఆదివారాలే ఊరికి వెళ్ళగలను, అదీ రెండు వారాలకోసారి. మిగతా రోజుల్లో ఫోనే. బడిలో పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు ఉన్నాయి. ఇంటికి వచ్చేసరికి ఆరున్నర అవుతుంది. ఈ 89 రోజులు ఎలా వాడుకోవాలి? లెక్కల్లో 31 వచ్చిన పిల్లవాడు పాలిటెక్నిక్ అనుకోవడం తప్పా?


లెక్కల సార్, నల్లగొండ జిల్లా
డిసెంబర్ 22, 2024

అమ్మా, నేను 21 ఏళ్ళుగా ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెబుతున్నాను. నీ రెండో ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పను. 31 అనే అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. ముందు ఆ 31 ఎలా వచ్చిందో చూడాలి.

బడికి వెళ్ళి ఎస్‌ఏ-1 లెక్కల జవాబు పత్రం అడుగు. సార్లు చూపిస్తారు. ప్రశ్నపత్రాన్ని పక్కన పెట్టుకుని, పోయిన 49 మార్కుల్లో ఒక్కో మార్కు ఎక్కడ పోయిందో తమ్ముడితోనే రాయించు. రాయకుండా వదిలేసినవి ఎన్ని, రాసి తప్పు చేసినవి ఎన్ని, దారి సరిగ్గా ఉండి గుర్తుల దగ్గరో కూడికల దగ్గరో జారినవి ఎన్ని? ఇది తెలియకుండా టైమ్‌టేబుల్ గీసి గోడకు అంటిస్తే వారం తర్వాత దాని వైపు ఎవరూ చూడరు. మా బడిలో ప్రతి ఏడాదీ చూస్తున్నాను. రంగు స్కెచ్‌లతో అందంగా గీసిన టైమ్‌టేబుళ్ళు సంక్రాంతి దాటవు.

పేపర్ ఎలా ఉంటుందో నీకూ తెలియాలి. లెక్కలు 80 మార్కుల్లో పార్ట్-ఎ 60, పార్ట్-బి 20. పార్ట్-ఎలో రెండు మార్కులవి ఆరు, నాలుగు మార్కులవి ఆరు, ఇవన్నీ రాయాలి. ఆరు మార్కులవి ఆరు ఇస్తారు, నాలుగు రాస్తే చాలు. పార్ట్-బిలో ఒక మార్కు బిట్లు ఇరవై. ఆ బిట్ పేపర్ చివరి అరగంటలోనే చేతికి వస్తుంది. అంటే పార్ట్-ఎకు ఉన్నది రెండున్నర గంటలు. బిట్లలో ఒక జవాబు రాసి కొట్టేసి ఇంకోటి రాస్తే ఆ మార్కు రాదు. చాలామంది పిల్లలు ఫిబ్రవరి దాకా దీన్ని పట్టించుకోరు. పాస్ కావాలంటే రాత పరీక్షలో 80కి 28 రావాల్సిందే. బడిలో పెట్టే చిన్న పరీక్షలు, ఎఫ్‌ఏల నుంచి వచ్చే ఇంటర్నల్ 20కి 20 ఉన్నా ఆ 28ని పూడ్చదు. హిందీకి 16 చాలు. మీవాడికి హిందీలో 48 ఉన్నాయి కాబట్టి దాని మీద కొత్తగా గంటలు పెట్టకండి. ఆ సమయం ఇంగ్లిష్‌కు, ఫిజికల్ సైన్స్‌కు ఇవ్వండి.

ఇక రోజు సంగతి. ఆరున్నరకు ఇల్లు చేరే పిల్లవాడికి ఆరు గంటల ప్లాన్ ఇవ్వొద్దు. రాత్రి రెండు గంటలు, తెల్లవారుజామున ఒక గంట. ఇందులో ఒక గంట ఫిబ్రవరి నెలాఖరు దాకా రోజూ లెక్కలకే. మిగతా సబ్జెక్టులు వంతులవారీగా వస్తాయి.

పాఠాల వరుస పుస్తకంలో ఉన్నట్టు వద్దు. మొదట సమితులు, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం, నిరూపక రేఖాగణితం పట్టండి. ఇవి ఎక్కువగా వెనకటి పాఠాల మీద ఆధారపడవు. సూత్రం తెలిసి నాలుగైదు రకాల లెక్కలు చేస్తే చేతికి వస్తాయి. పిల్లవాడికి "నాకూ వస్తుంది" అన్న ధైర్యం ఈ నాలుగింటితో వస్తుంది. ఆ తర్వాత వాస్తవ సంఖ్యలు, శ్రేఢులు. తర్వాత బహుపదులు, రేఖీయ సమీకరణాల జత, అందులో గ్రాఫ్ బాగా సాధన చేయించాలి. గ్రాఫ్ చాలాసార్లు ఆరు మార్కుల ప్రశ్నగా వస్తుంది. స్కేలు రాసి, బిందువుల పట్టిక వేసి, గీత గీసి, చివర జవాబు వాక్యం రాసేవాడికి అందులో మార్కులు పోవు. త్రికోణమితి, సరూప త్రిభుజాలు జనవరిలో తీసుకోండి. వర్గ సమీకరణాల్లో మాటల లెక్కలు చివరకు. అవి రాకపోతే వదిలి ముందుకు వెళ్ళమనండి.

సాధన చేసే పద్ధతి గురించి ఒక మాట ముఖ్యంగా చెప్పాలి. గైడ్‌లో సాధన చూసి, నోట్సులోకి ఎక్కించి, వచ్చేసిందనుకుంటారు. రాలేదు. ఇవాళ చేసిన లెక్కను మూడు రోజుల తర్వాత పుస్తకం మూసి తెల్ల కాగితం మీద చేయాలి. వస్తే తేదీ వేసి టిక్ పెట్టాలి. రాకపోతే చుక్క. చుక్కలు పడిన లెక్కలే వచ్చే ఆదివారం పని. నువ్వు ఫోన్‌లో అడగాల్సింది "ఎన్ని గంటలు చదివావు" అని కాదు, "ఇవాళ ఎన్ని చుక్కలు టిక్కులయ్యాయి" అని. తేడా నీకే తెలుస్తుంది.

టైమ్‌టేబుల్‌లో ఇంకో సంగతి గమనించావో లేదో. మార్చి 24 సోమవారం ఇంగ్లిష్, 26న లెక్కలు, 28న ఫిజికల్ సైన్స్, మర్నాడే 29న బయాలజీ. ఆ రెండింటి మధ్య ఒక్క రోజు కూడా లేదు. సోషల్‌కు మాత్రం ఉగాది, రంజాన్ కలిసి వచ్చి మూడు రోజులు దొరుకుతాయి. కాబట్టి సోషల్ మ్యాపులు, పట్టికలు ఆ మూడు రోజులకు కొంచెం మిగుల్చుకోవచ్చు. బయాలజీ మాత్రం మార్చి మొదటి వారానికే పూర్తి కావాలి. పోషణ, ప్రసరణ, విసర్జనలో బొమ్మలు, భాగాల పేర్లు చూడకుండా గీసేలా ఉండాలి. 28 మధ్యాహ్నం ఇంటికి వచ్చాక కొత్తగా చదివే ఓపిక ఏ పిల్లవాడికీ ఉండదు.

బాసర గురించి: అక్కడ సీటు పదో తరగతి ఫలితం మీదే ఇస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. అయినా పోటీ అంతా చాలా ఎక్కువ మార్కులు తెచ్చుకునేవాళ్ళ మధ్య. దరఖాస్తు చేయొచ్చు, ఆశ మాత్రం దాని మీద పెట్టొద్దు.

జవాబు పత్రం చూశాక ఇక్కడ రాయి తల్లీ. ఎదురు చూస్తాను.


సబ్‌స్టేషన్ తమ్ముడు
డిసెంబర్ 23, 2024

అక్కా, నాది ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా, 2016లో అయిపోయింది. ఇప్పుడు విద్యుత్ శాఖలో సబ్ ఇంజినీర్‌ని. మీ తమ్ముడు స్టార్టర్ బాగుచేస్తాడని చదవగానే ఇది రాయాలనిపించింది.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ పేపర్ పదో తరగతి సిలబస్ నుంచే వస్తుంది. ఇంజినీరింగ్ బ్రాంచీలకు లెక్కలు 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, మొత్తం 120 బిట్లు. తప్పు రాస్తే మార్కు కోసేది లేదు. అందుకే పబ్లిక్ పరీక్షకు చదివిందే దానికీ పనికొస్తుంది, వేరే కోచింగ్ అక్కర్లేదు. నేను పది పరీక్షలు అయిపోయాక పాత పాలిసెట్ పేపర్లు గడియారం పెట్టుకుని చేశాను, అంతే.

కానీ మీ మామగారు అన్నదాంట్లో కొంత నిజం ఉంది, దాచను. డిప్లొమా అంటే లెక్కల నుంచి తప్పించుకునే దారి కాదు. మొదటి ఏడాదిలోనే మాత్రికలు, త్రికోణమితి, అవకలనం వస్తాయి, తర్వాత సమాకలనం. నేను మొదటి ఏడాది లెక్కల్లో ఫెయిలయ్యాను. మా క్లాసులో చాలామంది ఫెయిలయ్యాం. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉండేవి, నాది తెలుగు మీడియం. సీనియర్ ఒకన్న రోజూ రాత్రి హాస్టల్ వరండాలో కూర్చోబెట్టి త్రికోణమితి సూత్రాలు మళ్ళీ పదో తరగతి నుంచి చెప్పాడు. సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఆ తర్వాత మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మొదలయ్యాక నాకు కాలేజీ వదిలి ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు.

ఇంకో జాగ్రత్త. ఇంటర్ మధ్యలో గ్రూపు మార్చుకున్నవాళ్ళు ఒక ఏడాది పోగొట్టుకుంటారు. డిప్లొమా మూడేళ్ళలో మధ్యలో మానేస్తే చేతిలో మిగిలేది పదో తరగతి మెమో ఒక్కటే. నా పక్క బెంచీ వాడికి అదే జరిగింది. తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ళు చేసి ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ మధ్యలో చాలా నలిగాడు. చేరితే పూర్తి చేయాలన్న పట్టుదల ముందే ఉండాలి.

పూర్తి చేస్తే దారులు మూసుకుపోవు. ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. మా బ్యాచ్‌లో అలా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. నేను ఇంటి పరిస్థితి వల్ల ఉద్యోగం వైపు వచ్చాను. రెండోసారి నోటిఫికేషన్ పడినప్పుడు వచ్చింది, మొదటిసారి రాలేదు. మధ్యలో రెండున్నరేళ్ళు ఒక కాంట్రాక్టర్ దగ్గర ప్యానెల్ వైరింగ్ చేశాను.

మీకు వనపర్తిలోనే కేడీఆర్ పాలిటెక్నిక్ ఉంది, రాజావారి ప్యాలెస్‌లో. తమ్ముణ్ణి ఒకసారి తీసుకెళ్ళండి అక్కా. బయటి నుంచి బిల్డింగ్ చూసి రావడం కాదు, అడిగి ల్యాబ్‌లోకి వెళ్ళండి. వర్క్‌షాప్ చూశాక కూడా వాడి మొహం వెలిగితే మీకు సగం జవాబు దొరికినట్టే.


చీరాల అమ్మ
డిసెంబర్ 23, 2024

చెల్లీ, మాది ఆంధ్ర వైపు. మా దగ్గర లెక్క వేరు, ఇంటర్నల్స్ లేవు, మొత్తం 600 మార్కులూ పబ్లిక్‌లోనే. కాబట్టి రివిజన్ గురించి మాస్టారు చెప్పినదాని మీద నేను చెప్పేదేమీ లేదు. గ్రూపు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే నేను తప్పు చేశాను.

మా అబ్బాయికి పదిలో 600కి 471 వచ్చాయి. లెక్కల్లో 64. వాడి స్నేహితులు నలుగురూ ఎంపీసీ అన్నారు, మా ఆడపడుచు కొడుకు ఎంపీసీ, ఇక మాకు వేరే ఆలోచనే రాలేదు. విజయవాడ వైపు ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో చేర్చాం. తెల్లవారి ఐదు నుంచి రాత్రి పదిన్నర దాకా క్లాసులు, స్టడీ అవర్లు. ప్రతి వారం పరీక్ష, ప్రతి పరీక్షకూ సెక్షన్ మార్పు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు వాడి గోళ్ళు చూశాను. అన్నీ చివరిదాకా కొరికేసి ఉన్నాయి. పండక్కి చేసిన బూరెలు ముట్టలేదు. నేను అప్పుడైనా అడగాల్సింది. "అలవాటైపోతుందిలే నాన్నా" అని బస్సెక్కించాను. డిసెంబర్‌లో వార్డెన్ ఫోన్ చేస్తే వెళ్ళి తీసుకొచ్చేశాం. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. దాని బాధ కంటే వాడు ఏడాది పాటు మా మొహం చూసి మాట్లాడకపోవడం ఎక్కువ బాధ.

మరుసటి ఏడాది ఇక్కడే ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కామర్స్ ఉండే సీఈసీ గ్రూపులో చేరాడు. వాళ్ళ నాన్న బట్టల కొట్టులో లెక్కలు రాసే గుమస్తా. చిన్నప్పటి నుంచి వాడు ఆ చిట్టా పుస్తకాల పక్కనే పెరిగాడు. అది మా కళ్ళ ముందే ఉన్నా మాకు కనబడలేదు. ఇప్పుడు రెండో ఏడాది, సీఏ ఫౌండేషన్ రాస్తానంటున్నాడు. పాసవుతాడో లేదో తెలియదు, కానీ రాత్రి పన్నెండింటికి కూడా లైటు వేసుకుని తనంతట తానే కూర్చుంటున్నాడు.

అందుకని నా మాట ఒక్కటి. మీ మామయ్య, నాన్న ఉన్నప్పుడు తమ్ముణ్ణి అడగొద్దు. పొలం గట్టు మీదో, బస్టాండ్‌లోనో మీరిద్దరే ఉన్నప్పుడు అడుగు. ఏం చదువుతావని కాదు. రోజూ ఏ పుస్తకం రేపు చూద్దామని పక్కన పెడుతున్నావు, ఏ పుస్తకం ఎవరూ చెప్పకుండా తీస్తున్నావు, అని. మా అబ్బాయిని నేను అడగని ప్రశ్న అదే.


వనపర్తి అక్క
జనవరి 5, 2025

అందరికీ చేతులెత్తి దండం. చీరాల అక్కా, మీరు రాసింది అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు. రాత్రి నాయనకు మళ్ళీ చదివి వినిపించమంది.

సార్, శుక్రవారం సెలవు పెట్టి బడికి వెళ్ళాను. జవాబు పత్రం ఇచ్చారు. నేను, తమ్ముడు వేపచెట్టు కింద కూర్చుని మీరు చెప్పినట్టే రాసుకున్నాం. వచ్చిన 31లో బిట్లు 9, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 10, ఆరు మార్కులవి 4.

పోయిన 49 ఇలా ఉన్నాయి. ఆరు మార్కుల ప్రశ్న ఒక్కటే రాశాడు, మూడు అసలు ముట్టలేదు. అక్కడే 18. నాలుగు మార్కులవి రెండు ముట్టలేదు, 8. బిట్లు నాలుగు ఖాళీ. అంటే 49లో 30 మార్కులు తెల్ల కాగితం మీద పోయాయి సార్. తప్పు రాసి పోగొట్టుకున్నవి 17. కొట్టేసి మళ్ళీ రాసిన బిట్లు రెండు, ఆ రెండూ రెండోసారి రాసింది కరెక్టే.

ఎందుకు ముట్టలేదని అడిగితే చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పాడు. వరుసగా రాసుకుంటూ వెళ్ళాడట. నాలుగు మార్కుల వాటిలో వర్గ సమీకరణాల మాటల లెక్క ఒకటి, పడవ ప్రవాహానికి ఎదురు వెళ్ళేది, దాని దగ్గర ఇరుక్కున్నాడు. మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాశాడు. కాగితం మీద ఆ గీతలు కనిపిస్తున్నాయి. అది తేలేసరికి బిట్ పేపర్ చేతికొచ్చింది. ఆరు మార్కుల వాటిలో బహుపది గ్రాఫ్ ఉంది. "అది నాకు వచ్చక్కా" అన్నాడు. అక్కడికక్కడే గ్రాఫ్ కాగితం మీద గీయమన్నాను. 14 నిమిషాల్లో గీశాడు. పరావలయం, శూన్యాలు, అన్నీ. అది చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రోజూ ఏ పుస్తకం తెరుస్తున్నావని కూడా అడిగాను. ఫిజికల్ సైన్స్‌లో విద్యుత్ పాఠాలు ఎవరూ చెప్పకముందే చదివేశాడట. బడిలో ఇంకా ఆ పాఠాలకు రాలేదు.


లెక్కల సార్, నల్లగొండ జిల్లా
జనవరి 5, 2025

తల్లీ, ఇప్పుడు నీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. ఈ పిల్లవాడు పాలిటెక్నిక్ అనుకోవడం తప్పు కాదు. 31 అనేది వాడికి వచ్చిన లెక్కల కొలత కాదు. మూడు గంటల పరీక్షను నడపడం ఎవరూ వాడికి నేర్పలేదు. మా వైపు నుంచి కూడా ఇది లోపమే. మేము పాఠం చెబుతాం, పరీక్ష రాయడం చెప్పం.

తప్పు రాసిన 17 మాత్రం నిజంగా రానివే, వాటికి చుక్కల పద్ధతి కొనసాగించండి. ఖాళీగా వదిలిన 30కి వేరే మందు. వచ్చే ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున 9:30కి గడియారం ముందు పెట్టుకుని ఒక పాత పేపర్ రాయాలి. పరీక్ష సమయానికే, రాత్రి కాదు. మొదట పేపర్ అంతా చదివి, ఖచ్చితంగా వచ్చినవాటికి పెన్సిల్‌తో చిన్న గుర్తు. ముందు ఆరు మార్కుల్లో గుర్తు పెట్టినవి, తర్వాత నాలుగు మార్కులవి, తర్వాత రెండు. ఏ నాలుగు మార్కుల ప్రశ్న దగ్గరైనా పది నిమిషాలు దాటితే, సగం రాసినా సరే, అరపేజీ ఖాళీ వదిలి ముందుకు వెళ్ళాలి. రాసిన మెట్లకు మార్కులు ఉంటాయి కాబట్టి కొట్టేయొద్దు. పన్నెండు గంటలకు పార్ట్-ఎ మూసేసి బిట్లు తీయాలి. బిట్ల జవాబు ముందు పక్కన పెన్సిల్‌తో, నిర్ధారించుకున్నాకే పెన్నుతో, ఒక్కసారే.

మొదటి రెండు ఆదివారాలు మార్కులు పెరగవు, తగ్గొచ్చు కూడా. కంగారు పడొద్దు. ఖాళీగా వదిలినవి ఎన్ని అన్న అంకె ఒక్కటే చూడండి.

గ్రూపు విషయంలో ఇప్పుడే తేల్చేయాలని ఇంట్లో పట్టు పట్టకండి. పాలిసెట్ దరఖాస్తు చేయండి. గురుకుల జూనియర్ కాలేజీల టీజీఆర్జేసీ ప్రవేశ పరీక్షకూ దరఖాస్తు చేయండి, అందులో సీటు వస్తే ఎంపీసీ కూడా గురుకులంలో ఉచితంగా చదవొచ్చు. వనపర్తిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఎలాగూ ఉంది, అక్కడ ఫీజు భారం లేదు. ఇంజినీరింగ్‌కు ఎంపీసీ కావాలన్నది నిజం, దానికి అప్పు కావాలన్నది నిజం కాదు. మన దగ్గర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా తీసేశారు. మీ నాన్నగారికి ఈ మాట నా పేరు మీద చెప్పు.


వనపర్తి అక్క
మార్చి 16, 2025

సార్, అన్నా, అక్కా, ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి.

ప్రీ ఫైనల్ లెక్కల పేపర్ దిద్ది ఇచ్చారు. 80కి 46. ఖాళీగా వదిలినవి 30 నుంచి 10కి వచ్చాయి. మధ్యలో జనవరి చివర ఒక ఆదివారం 27కి పడిపోయాడు, ఆ రోజు వాడికంటే నేనే ఎక్కువ భయపడ్డాను. సార్ ముందే చెప్పి ఉండకపోతే అక్కడే ఆపేసేవాళ్ళం. వర్గ సమీకరణాల మాటల లెక్కలు ఇంకా రావు, వదిలేశాం. ఫిజికల్ సైన్స్ 40కి 27. ఇంగ్లిష్ మాత్రం 42 దగ్గరే ఉంది, ఉత్తరాలు, పేరా ప్రశ్నలు రోజుకొకటి రాయిస్తున్నాం.

ఫిబ్రవరిలో ఒక శనివారం ముగ్గురం, నాయనతో సహా, కేడీఆర్ పాలిటెక్నిక్‌కు వెళ్ళాం. ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో విప్పి పెట్టిన మోటార్ ఒకటి ఉంది. తమ్ముడు అక్కడి సార్‌ను స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఎందుకు మాటిమాటికీ ట్రిప్ అవుతుందని అడిగాడు. ఆయన పావుగంట సేపు బోర్డు మీద గీసి చెప్పారు. నాయన వెనక నిలబడి విన్నాడు. బయటికి వచ్చాక, మన బోరు మోటార్ కూడా అందుకేనా కాలిపోయింది అని తమ్ముణ్ణే అడిగాడు. మొదటి ఏడాది పుస్తకాలు కూడా చూపించమన్నాం. లెక్కల పుస్తకం చూసి తమ్ముడు కొంచెం భయపడ్డాడు, సబ్‌స్టేషన్ అన్న రాసింది ముందే చదివి ఉన్నాడు కాబట్టి తట్టుకున్నాడు. ఎండాకాలం సెలవుల్లో త్రికోణమితి మళ్ళీ మొదటి నుంచి చేస్తానన్నాడు.

పాలిసెట్ రాస్తాడు, టీజీఆర్జేసీ కూడా రాస్తాడు. చిన్నమామ ఇంకా ఒప్పుకోలేదు, పండక్కి వచ్చినప్పుడు మళ్ళీ మాట్లాడతానన్నాడు. నాయన అప్పు మాట ఎత్తడం మానేశాడు.

అన్నా, ఒక సందేహం. పాలిసెట్‌కు మీరు చేసిన పాత పేపర్లు ఎన్నేళ్ళ వెనకవి చేస్తే సరిపోతుంది?

శుక్రవారం తెలుగు పరీక్ష. నేను 27 నుంచి 30 దాకా సెలవు పెట్టాను. 28 మధ్యాహ్నం వాడు సెంటర్ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండి, బయాలజీ బొమ్మలు ఒక్కసారి గీయించి, తొమ్మిదింటికల్లా పడుకోబెట్టాలి.